సంజయ్ చెప్పిన సాక్ష్యం

ఆమదాలవలస,
12 జనవరి 2016

ప్రియమైన పద్మకు,

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది నాన్నది. స్పీకరు పెడితే తప్ప దాంట్లో ఏమీ వినపడదు. స్పీకరు పెడితే నువ్వు నన్నడిగిన ప్రతిదానికీ వంటింట్లోంచి మా నాయనమ్మ జవాబు చెబుతుంది. నేను రాయబోయే సంగతి అలా చెప్పుకునేది కాదు. బి.ఎడ్. హాస్టల్లో ఒకే గదిలో ఉన్నప్పుడు నీకు సగం చెప్పాను. ఇది మిగతా సగం.

మా బాప్టిస్టు సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పెద్దయ్యాక ఎవరికి వారు నమ్మి, సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. అంటే దేవుడు తమ బతుకులో ఏం చేశాడో తమ నోటితోనే చెప్పాలి. అప్పుడే నదిలో ముంచుతారు. నాకు ఇరవై మూడేళ్ళు. నాతో సండే స్కూల్లో చదివిన వాళ్ళంతా మునిగి లేచారు. నేను ఇంకా గట్టు మీదే ఉన్నాను. నమ్ముతున్నానో లేదో నాకే తెలియదు. తెలియని సంగతిని తెలుసునని అంతమంది ముందు ఎలా చెప్పడం? బైబిలు క్విజ్‌లో మాత్రం నాలుగేళ్ళు వరసగా మొదటి బహుమతి నాదే. నాలుగు స్టీలు గిన్నెలు ఇచ్చారు. వాటిలో నాయనమ్మ చింతపండు పెట్టుకుంది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు పిలిచారు. పాస్టరుగారిని మేం అలాగే అంటాం. మార్చిలో, ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం నాడు ఏడుగురు బాప్తిస్మం తీసుకుంటున్నారట. ఇంతమంది ముందుకొచ్చి నాలుగేళ్ళయింది. కానీ ఒక్కరికీ నిలబడి నాలుగు మాటలు చెప్పడం రాదు.

"నువ్వు సదువుకున్నదానివి. ఆళ్ళతో మాట్లాడి తలో కాయితం రాసీ అమ్మా," అన్నారు.

"నేనే తీసుకోలేదు కదా అయ్యగారూ."

"అందుకే గదా నీకు తీరికున్నాది."

కాదనలేకపోయాను. ఇంటికొచ్చి చెబితే మా నాయనమ్మ దాలమ్మ చేట కింద పెట్టేసి, "ఊరందరికీ పెళ్ళిబట్టలు కుడతాదట, దీనికి మాత్రం రవిక నేదు," అంది. ఆవిడ పదేళ్ళ వయసులో వంశధారలో మునిగింది. అక్షరం ముక్క రాదు. నేను నీళ్ళలో దిగడం చూసిగానీ కన్ను మూయనని సంఘంలో అందరికీ చెప్పి ఉంచింది. ఆ లెక్కన నేను దిగకపోతేనే ఆవిడ ఎక్కువ కాలం బతుకుతుందని ఒకసారి అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నీ చదువు ఎలా సాగుతోంది? అత్తయ్యగారికి నా వందనాలు చెప్పు.

నీ
రూబీ


విజయనగరం,
25 జనవరి 2016

ఒసే రూబీ,

మేనత్త ఇంట్లో ఉండి నేను చదువుతున్నది డీఎస్సీ కోసం కాదు, డీఎస్సీ వస్తుందన్న మాట కోసం. మీ వాళ్ళు ప్రభువు రాకడ గురించి చెబుతారు చూడు, మా కోచింగ్ సెంటరు వాళ్ళూ అలాగే చెబుతారు. తారీఖు ఎవరికీ తెలియదట, సిద్ధంగా మాత్రం ఉండాలట.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు నమ్మవు, అబద్ధం చెప్పవు. ఏడుగురికి అబద్ధాలు రాసి మాత్రం ఇస్తావు. ఇదెక్కడి నిజాయితీయే?

నమ్మకం సంగతి మా ఇంట్లో ఎలా ఉందో విను. మా అన్నయ్య గిరిబాబు ఈ ఏడు మాల వేశాడు. దేవుడున్నాడని వాడు ఎన్నడూ అనలేదు, లేడనీ అనలేదు. ఆ ప్రశ్నకు వాడికి తీరిక లేదు. మరి మాల ఎందుకంటే, మాల వేసినవాడిని మా నాన్న కూడా 'స్వామీ' అనే పిలవాలి కదా. మొన్న నేను మా ఊరు వెళ్ళాను. భావనపాడు పక్కన మా కళ్ళంలో నాన్న నిలబడి, "స్వామీ, ఆ తాడు కాస్త అందిస్తావేటి?" అని అడుగుతున్నాడు. ఇరవై ఏడేళ్ళలో మా నాన్న వాడిని ఏదైనా అడగడం అదే మొదటిసారి. అంతకుముందంతా చెప్పడమే. అన్నయ్య ముఖం చూడాలి నువ్వు! నలభై ఒక్క రోజులు మందు ముట్టలేదు, అమ్మ మీద ఎగరలేదు. కొండ దిగి వచ్చి మాల తీసిన సాయంత్రం నాన్న వీధి అరుగు మీంచి, "ఒరే గాడిదా, గేదెకి నీళ్ళెట్టినావేట్రా?" అని అరిచాడు. వచ్చే ఏడు రెండుసార్లు వేస్తానంటున్నాడు గిరిబాబు.

నేనా? శనివారాలు అత్తతో గుడికి వెళ్తాను. ఆవిడ లోపల ప్రదక్షిణలు చేస్తుంది, నేను బయట చెప్పులు కాస్తాను. ఇద్దరికీ పుణ్యం సమానంగా వస్తుందని ఆవిడ అంటుంది.

అందుకని నా మాట విను. మునిగి లే. బయటికొచ్చి తల తుడుచుకుంటే ఆరిపోతుంది. నాయనమ్మ సంతోషిస్తుంది. నీ లోపల ఏముందో ఎవడు చూడొచ్చాడు?

పద్మకుమారి


ఆమదాలవలస,
8 మార్చి 2016

ప్రియమైన పద్మకు,

నువ్వన్నది గుచ్చుకుంది. అందుకే ఇన్నాళ్ళు రాయలేదు. నేను అబద్ధాలు రాయడం లేదు, వాళ్ళు చెప్పింది రాస్తున్నాను అని నీకు జవాబు రాద్దామనుకున్నాను. తీరా కూర్చుంటే వాళ్ళెవరూ ఏమీ చెప్పడం లేదు.

ఒక అమ్మాయి నర్సింగు సీటుకు మిషన్ ఆసుపత్రి ఉత్తరం కావాలని తీసుకుంటోంది. ముగ్గురికి తెల్లబట్టల్లో నీళ్ళలోంచి లేస్తున్న ఫొటో ఫేస్‌బుక్‌లో కావాలి. ఇంకొకడి కోసం వాళ్ళమ్మ ఆర్నెల్లుగా శుక్రవారాలు ఉపవాసం ఉంటోంది. ఆవిడకు నీరసం వస్తోందని ఒప్పుకున్నాడు. ఆలోచిస్తే వాడిదే అందరికంటే మంచి కారణం. ఇమ్మానుయేలు అనే అబ్బాయిని, "నీ పాత బతుకులో ఏం తప్పులు చేశావు?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "పెద్దగా ఏటీ నేవక్కా. నువ్వే మంచివి సూసి పెట్టీ," అన్నాడు. తాగుడు రాశాను. "సిగరెట్టు కూడా పెట్టక్కా, బాగుంతాది," అన్నాడు. వాడికి టీ తాగినా పడదు. ఇప్పుడు రోజూ అద్దం ముందు నిలబడి, తన తాగుడు గురించి కంఠతా పడుతున్నాడట.

ఆఖరివాడు సంజయ్. రెండేళ్ళ క్రితం పలాస వైపు నుంచి వచ్చి స్టేషను రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. షాలినిని ఇష్టపడ్డాడు. షాలిని నాన్న మా సంఘపెద్దల్లో ఒకరు, బాప్తిస్మం లేనివాడు గడప తొక్కడానికి వీల్లేదన్నారు. వాడు నాతో ఉన్నదున్నట్టే చెప్పాడు.

"నాకు దేవుడూ తెలీదు, దెయ్యమూ తెలీదక్కా. షాలిని తెలుసు. అది రాస్తే ఒప్పుకుంటారేటి?"

వాడి కాగితం మీద నాకు కలం కదల్లేదు. తాగుడు, సినిమాలు, చెడు స్నేహాలు అన్నీ మిగతా ఆరుగురికీ అయిపోయాయి. చివరికి ఏం చేశానో చెబితే నువ్వు తిడతావు. నాది రాసేశాను.

నీకు చెప్పని సగంలో అసలు సంగతి ఇదే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ ఒడిశా వైపు ఇటుకబట్టీకి పనికి వెళ్ళాం. అక్కడ తమ్ముడికి మెదడువాపు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో మంచం పక్కన నేల మీద అమ్మా, నాయనమ్మా, నేనూ మూడు రోజులు మోకాళ్ళ మీదే ఉన్నాం. పక్క మంచం మీద తమ్ముడి ఈడుదే ఒక ఆడపిల్ల. వాళ్ళమ్మ కూడా మోకాళ్ళ మీదే ఉంది, వాళ్ళ దేవుడి పటం పెట్టుకుని. మూడో రోజు తెల్లవారేసరికి తమ్ముడు కళ్ళు తెరిచాడు. ఆ పిల్ల తెరవలేదు. అమ్మ "స్తోత్రం ప్రభువా" అంది. నేను పక్క మంచం వైపు చూశాను. ఆ తల్లి మా వైపే చూస్తోంది. అప్పటి నుంచి నాకు ఆ మాట నోట రాదు. మా మాట విన్నవాడు ఆవిడ మాట ఎందుకు వినలేదో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. ఆదివారం మాత్రం మానలేదు. ఎందుకు వెళ్తున్నానో తెలియదు కానీ వెళ్తున్నాను.

అదంతా అలాగే రాశాను. తమ్ముడు అన్నచోట చెల్లి అని మార్చానంతే. ఎక్కడో ఒడిశాలో జరిగింది కాబట్టి మా సంఘంలో ఎవరికీ తెలియదు. అది సాక్ష్యం కాదని నాకు తెలుసు. పెద్దలు తిప్పి పంపిస్తే వాడే ఇంకోటి రాసుకుంటాడని అనుకున్నాను.

నీ
రూబీ


ఆమదాలవలస,
22 మార్చి 2016

ప్రియమైన పద్మకు,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను.

పెద్దలు ఏదీ తిప్పి పంపలేదు. మొన్న మట్టలాదివారం ఉదయం అందరం నాగావళి రేవుకు వెళ్ళాం. మార్చిలో నీళ్ళెన్ని ఉంటాయో నీకు తెలుసు కదా. మోకాలి దాకా వస్తే గొప్ప. నిలబెట్టి ముంచడం కుదరదు. అయ్యగారు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, వెనక్కి పడుకోబెట్టి, ఇంకా పైకి తేలుతున్న మోకాళ్ళను నొక్కాల్సి వచ్చింది. పొట్టివాళ్ళు త్వరగా రక్షింపబడ్డారు.

దానికి ముందు ఒడ్డున సాక్ష్యాలు. ఇమ్మానుయేలు తన తాగుడు గురించి ఎంత బాగా చెప్పాడంటే, వాళ్ళమ్మ లేచి కొట్టబోయింది. "ఎప్పుడురా తాగినావు, నాకు తెలీకుంట?" అని. పక్కవాళ్ళు కూర్చోబెట్టారు.

సంజయ్ చివర లేచాడు. కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాడు. సగం దాకా గడగడా చదివాడు, కరెంటు బిల్లు చదివినట్టు. పక్క మంచం దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. మళ్ళీ అదే వాక్యం చదివాడు. "ఆ తల్లి మా వైపే చూస్తోంది" అన్నచోట కాగితం కిందికి దించేసి, మిగతాది చూడకుండానే చెప్పాడు. ఎందుకు వస్తున్నానో తెలియదు కానీ వస్తున్నాను అన్నాడు. తర్వాత ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. పెద్దల్లో జోగయ్యగారని ఉన్నారు, రైల్వేలో గ్యాంగుమేనుగా చేసి రిటైరయ్యారు. నలభై ఏళ్ళలో ఇలాంటి సాక్ష్యం వినలేదని కళ్ళు తుడుచుకున్నారు. అయ్యగారైతే, "ఈ గుంటడిని దేవుడు పిలస్తన్నాడు. ఈడిని బైబిలు స్కూలుకి పంపాల," అని అక్కడే ప్రకటించారు. షాలిని నాన్న ముఖం మాడిపోయింది. సెల్‌ఫోను దుకాణం ఉన్న అల్లుడు అనుకున్నాడు, పాస్టరు వచ్చేలా ఉన్నాడు.

మా ఇంట్లోంచి నాతో వచ్చింది నాయనమ్మే, ఆవిడ ఒక్కతే ఏడవలేదు. నన్నే చూస్తోంది.

ఇంకో సంగతి. మిషన్ వాళ్ళ ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు పోస్టు ఖాళీ ఉందట. ఆదివారం నోటీసు బోర్డు మీద పెట్టారు. నా సబ్జెక్టే. మా వంశంలో బడి మెట్లు ఎక్కిందే నేను, బడిలో ఉద్యోగం కూడా వస్తే నాన్న గూడ్సు షెడ్డులో బస్తాలు మోయడం మానేస్తాడు. కానీ దరఖాస్తుతో బాప్తిస్మం సర్టిఫికెట్టు జతచేయాలి. మే ఇరవయ్యో తారీఖు ఆఖరు.

ఏం చేయమంటావు?

నీ
రూబీ


విజయనగరం,
9 ఏప్రిల్ 2016

రూబీ,

ఏం చేయాలో జనవరిలోనే చెప్పాను. మునిగి లే.

ఇక్కడ ఎండలు. డీఎస్సీ ఇంకా రాకడలోనే ఉంది. అత్త కొడుకు పెళ్ళి కుదిరింది, నేనున్న గది వాళ్ళకు కావాలట. ఊరికి తిరిగి వెళితే నాక్కూడా కుదిర్చేస్తారు.

అన్నట్టు ఆ స్కూలు నోటీసులో బి.ఎడ్. మార్కులు ఎంత ఉండాలన్నారు? దరఖాస్తు ఎవరి పేరు మీద పంపాలి? ఊరికే అడిగానులే.

పద్మ


ఆమదాలవలస,
18 మే 2016

ప్రియమైన పద్మకు,

మార్కులు యాభై అయిదు శాతం ఉండాలి, కరెస్పాండెంటు పేరు మీద పంపాలి. ఊరికే అడిగినా చెప్పాలి కదా.

నీ మాట నేను వినలేదు, పూర్తిగా తోసెయ్యనూ లేదు. మే పదిహేనున పెంతెకొస్తు పండుగ ఆదివారం, మార్చిలో కుదరని వాళ్ళకు మళ్ళీ బాప్తిస్మం పెట్టారు. నెల రోజులు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. పెద్దల దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నాకు తెలియదు, కానీ వస్తున్నాను అంటాను. సంజయ్ నోట అదే మాట సాక్ష్యమైతే నా నోట ఎందుకు కాదు? ఇదే చాలని వాళ్ళు ముంచితే మునుగుతాను. అప్పుడు అబద్ధం చెప్పినదాన్ని కాను.

ఎనిమిదో తారీఖున అయ్యగారు, జోగయ్యగారు, షాలిని నాన్న మా ప్రార్థన గుడి వెనక గదిలో కూర్చున్నారు. నిలబడి అంతా చెప్పాను. ఇటుకబట్టీ, తమ్ముడి జ్వరం, పక్క మంచం. పద్నాలుగేళ్ళలో మొదటిసారి నా గొంతుతో నేను చెప్పుకున్నాను.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జోగయ్యగారు కళ్ళజోడు తీశారు.

"ఇది సంజయ్‌ది కాదేటి?"

"నాదేనండి. నేనే వాడికి రాసిచ్చాను."

"రాసిచ్చినావు, నిజవే. ఆ గుంటడు సెప్పింది నువ్వు రాసినావు. అంతమాత్రాన ఆడి బతుకు నీదైపోతాదేటమ్మా?"

"సెల్లి అన్నాడాడు, ఇది తమ్ముడంటన్నాది. అంతే తేడా," అన్నాడు షాలిని నాన్న.

అయ్యగారి ముఖంలో కోపం లేదు, అదే నాకు కష్టంగా అనిపించింది. "రూబమ్మా, బైబిలు క్విజ్‌లో నీకు నానే బహుమతులిచ్చినాను. నీకు ఇంత అగత్యం ఏటొచ్చింది? ఉజ్జోగం కోసవా? ఎల్లు. సొంత సాక్ష్యం వచ్చినప్పుడు రా. తొందరేటీ నేదు," అన్నారు.

నిజం చెప్పినందుకు కాపీ కొట్టినదాన్నయ్యాను. మిగతా ఆరుగురినీ ఎవరూ ఏమీ అడగలేదు.

తిన్నగా సంజయ్ దుకాణానికి వెళ్ళాను. వాడొచ్చి చెబితే తేలిపోతుంది. అంతా విని వాడు చేతిలో ఉన్న ఫోను పక్కన పెట్టాడు.

"నువ్వు ఎల్లి సెప్పీమంటే ఇప్పుడే సెప్పీస్తానక్కా. ఆ కత నీది. కానీ సదివింది నా నోరే కదా. సదివినకాడి నుంచి ఆ పక్క మంచం గుంట నన్ను వదల్నేదు. ఆదోరాలు పెద్దాసుపత్రికి ఎల్తన్నాను, పిల్లల వార్డుకి. మంచినీల్లు తెస్తాను, మందుసీటీలట్టుకుని తిరుగుతాను. తల్లులు మంచాల కింద కూకుంటారు, ఆళ్ళ కాడ కూకుంతాను. ప్రార్దన సెయ్యమంటే సేస్తాను. నాకు వస్తందక్కా. ఎలాగొస్తందో తెలీదు."

షాలిని కోసం కాదా అని అడిగాను. షాలిని తనతో మాట్లాడటం లేదన్నాడు. పాస్టరు భార్యగా ఉండటం ఆ అమ్మాయికి ఇష్టం లేదట.

నేనేమనగలను పద్మా? వాడు చెప్పేస్తే వాడి సాక్ష్యం అబద్ధమని తేలుతుంది, బైబిలు స్కూలు పోతుంది. కానీ వాడిదిప్పుడు అబద్ధం కాదు. చెప్పొద్దని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చాక నాయనమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. అప్పుడు నోరు విప్పింది.

"ఆ గుంట పేరు నీకు గురుతుందేటి?"

"లేదు."

"నారాయణమ్మ. నువ్వొక్కదానివే సూసినావనుకున్నావు. పద్నాలుగేళ్ళయి, రోజూ ఆ గుంటనీ దాని తల్లినీ తలుసుకుని గాని నాను ఆమేన్ అన్నేదు. తిను."

ఇద్దరం చూసింది ఒకటే. ఆవిడ దాన్ని పట్టుకుని ప్రార్థన చేస్తోంది, నేను దాన్ని పట్టుకుని మానేశాను. నీళ్ళలో దిగమని మాత్రం ఆ రోజు అడగలేదు.

దరఖాస్తు సర్టిఫికెట్టు లేకుండానే పంపాను. అసంపూర్ణం అని తిరిగి వచ్చింది.

నీ
రూబీ


విజయనగరం,
5 జూన్ 2016

రూబీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపి రాస్తున్నాను. తిడతావు. తిట్టు.

ఆ ఉద్యోగం నాకు వచ్చింది.

ఏప్రిల్లోనే దరఖాస్తు పెట్టాను. నువ్వు ఎలాగూ మునుగుతావు, నీకే వస్తుంది, నాది ఊరికే ఉంటుంది అనుకున్నాను. ఇది నిజమో, నాకు నేను చెప్పుకున్నదో ఇప్పుడు నాకే తెలియడం లేదు. చెబుదామని రెండుసార్లు కలం పట్టుకుని మార్కులెంత అని అడిగి ఊరుకున్నాను.

అసలు విడ్డూరం విను. దరఖాస్తు ఇవ్వడానికి నేనే వెళ్ళాను. అక్కడి గుమాస్తా నా పేరు చూసి, "హిందువులా అమ్మా? అయితే మీకు బాప్తిస్మం కాయితం అక్కర్నేదు. అది మనోళ్ళకే," అన్నాడు. నీ దరఖాస్తు వెనక్కి పంపింది కూడా ఆయనే అయ్యుంటాడు. రామాలయం ముందు చెప్పులు కాసేదాన్ని కాబట్టి నన్ను ఎవరూ ఏమీ నిరూపించమనలేదు. నువ్వు ప్రతి ఆదివారం గుడిలో ఉంటావు కాబట్టి నీకు కాగితం కావాల్సి వచ్చింది.

ఇంటర్వ్యూలో, పద్మ అంటే ఏ దేవత పేరని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది. చెప్పాను. ఉదయం అసెంబ్లీలో ప్రార్థన చేయించగలవా అని అడిగింది. చేయిస్తానన్నాను. ఒక కీర్తన పాడమంది. హాస్టల్లో బట్టలుతుకుతూ నువ్వు పాడేవే, అది రెండు చరణాలు పాడాను. ఆవిడ కళ్ళు మూసుకుని విని, "మా పిల్లలకే రావడం లేదమ్మా," అంది.

ఇరవై ఏడో తారీఖున చేరాలి. నువ్వు వద్దంటే చేరను. నిజంగానే చెబుతున్నాను. వద్దనకపోతే మాత్రం రోజుకొకటి చొప్పున వారానికి సరిపడా ప్రార్థనలు రాసి పంపుతావా? చిన్నవి చాలు. నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గర అడగను?

సిగ్గులేనిది అనుకో.

పద్మ


ఆమదాలవలస,
22 జూన్ 2016

పద్మా,

నీ ఉత్తరం అందిన దగ్గర నుంచి పదమూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. పద్నాలుగో రోజు నుంచి కొంచెం తగ్గింది, పూర్తిగా కాదు. నువ్వు దరఖాస్తు పెట్టినందుకు కాదు కోపం, మార్కులెంతని అడిగి ఊరుకున్నందుకు.

చేరు. ఆ కుర్చీ నేను ఖాళీ చేయించినంత మాత్రాన నాకు రాదు. పిల్లలకు పాఠం బాగా చెబుతావు, నాకు తెలుసు. ఇక్కడ నేను ట్యూషన్లు పెంచుకున్నాను. నాన్న బస్తాలు మోస్తూనే ఉన్నాడు.

ప్రార్థనలు మాత్రం రాయను. రాసివ్వడం మానేశాను. అసెంబ్లీలో నీ వంతు వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని ఒక నిమిషం ఊరుకో. పిల్లలు ఎవరికి కావలసింది వాళ్ళు అడుక్కుంటారు. హెడ్‌మిస్ట్రెస్‌కు అది చాలకపోతే, రాదని ఆవిడకు నువ్వే చెప్పు.

నిన్న జరిగింది నీకు చెప్పకుండా ఉండలేక ఈ ఉత్తరం. లేకపోతే ఇంకో వారం కోపంగానే ఉండేదాన్ని.

సంజయ్ జులైలో బైబిలు స్కూల్లో చేరతాడు. పోయిన వారం దరఖాస్తు ఫారం పట్టుకుని వచ్చాడు, తప్పులు దిద్దమని. అందులో ఒక ప్రశ్న ఉంది: మిమ్మల్ని విశ్వాసంలోకి నడిపించిన వ్యక్తి ఎవరు? దానికెదురుగా నా పేరు రాసి ఉంది. ఇంటిపేరుతో సహా.

"అయ్యగారి పేరు రాయి," అన్నాను.

"అబద్దం ఎందుకు రాయడమక్కా?"

"పెద్దలకు చెప్పొద్దని నీకు చెప్పాను కదా."

"పెద్దలకి సెప్పొద్దన్నావు. ఫారానికి సెప్పొద్దన్నేదు కదా."

దాని కింద ఇంకో ప్రశ్న: ఆ వ్యక్తి ఏ సంఘంలో సభ్యులు? అక్కడ ఖాళీ వదిలేశాడు. బాప్తిస్మం లేనిదే మాలో ఎవరూ సభ్యులు కారు. నన్ను అడిగాడు, నేను కూడా చెప్పలేకపోయాను. అలాగే తీసుకెళ్ళాడు. ఆ ఫారం మీద అయ్యగారు సంతకం పెట్టాలి.

నిన్న మధ్యాహ్నం అయ్యగారు మోపెడ్ మీద మా ఇంటికి వచ్చారు. నాయనమ్మ కుర్చీ తుడిచి వేసింది. ఆయన సంచిలోంచి ఫారం తీసి నా ముందు పెట్టారు.

"ఈడు నీ పేరు ఎందుకు రాసినాడమ్మా?"

ఇంక దాచడానికి ఏముంది? మొదటి నుంచీ చెప్పాను. ఏడు కాగితాలూ నేనెలా రాశానో, ఇమ్మానుయేలు సిగరెట్టుతో సహా. ఆయన తల వంచుకుని విన్నారు.

"ఆ మంచం మీదున్నాది మీ తమ్ముడేనా?"

"అవునండి."

"నిన్ను నాను కాపీ కొట్టినావన్నాను."

"అవునండి."

నాయనమ్మ టీ గ్లాసు ఆయన చేతిలో పెడుతూ, "పక్క మంచం గుంట పేరు నారాయణమ్మ బాబూ," అంది. ఆయన ఆవిడ వైపు చూసి, గ్లాసు కింద పెట్టేశారు.

కాసేపటికి, "పోనీ, ఇప్పుడు సెప్తావేటి సాక్ష్యం? నానే నిలబెడతాను నిన్ను," అన్నారు.

"ఇంకోటి లేదండి నా దగ్గర. ఉన్నది ఒకటే. అది ఇప్పుడు సంజయ్‌ది."

ఆ మాట ఆయనకు కోపం తెప్పిస్తుందనుకున్నాను. తెప్పించలేదు. జేబులోంచి కలం తీశారు. ముందు కింద సంతకం పెట్టారు. తర్వాత పైకి వచ్చి, ఆ ఖాళీలో మా సంఘం పేరు పూర్తిగా, ఊరుతో సహా, నెమ్మదిగా రాశారు. సంచిలోంచి సీలు తీసి దాని పక్కనే నొక్కారు.

"అయ్యగారూ, నేను సభ్యురాలిని కాదు," అన్నాను.

"ఒసే, ఊరుకోయే!" అంది నాయనమ్మ. "పెద్దోలు రాస్తన్నారు."

సిరా ఆరాలని ఆయన కాగితం మీద ఊదారు. "కాదని నాకు తెలుసు. అది నానూ పైనున్న ఆయనా సూసుకుంతాం," అన్నారు. టీ చల్లారిపోయినా తాగి, మోపెడ్ స్టార్టు కాకపోతే కాస్త దూరం తోసుకుంటూ వెళ్ళారు.

అది తప్పు, దిద్దండి అని వెనకాలే వెళ్ళి చెప్పి ఉండాల్సింది. ఇంకొకరైతే చెప్పమని నేనే అనేదాన్ని. గుమ్మం దాకా వెళ్ళాను పద్మా. అక్కడే నిలబడిపోయాను. ఫారం ఈ ఉదయం పోస్టులో వెళ్ళిపోయింది.

ఇరవై ఏడున వేళకు చేరు.

రూబీ